మా దవాఖానల ఎవ్వరికీ నొప్పి లేకుండె

వయసుల ఉన్నప్పుడు మనిషికి ఒళ్ళున్నదన్న సంగతే యాదికుండదు. ఎంత పని చెప్తె అంత చేస్తది, రాత్రి పంటె పొద్దుగాలకు మల్ల కొత్తగైతది, ఇగ దాని గురించి ఆలోచించేది ఏమున్నది అనుకుంటం. ఆ రోజుల్ల నేను గూడ గట్లనే అనుకున్న. మహారాష్ట్రల మా ఊరు బిలోలిల తాలీంకు పోయి (అంటె కుస్తీలు పట్టే జాగ, నేను కుస్తీ పట్టింది తక్కువ, అక్కడి అద్దం ముంగట నిలవడ్డది ఎక్కువ) జబ్బలు పెంచుకున్న. నడుమ నడుమ నర్సింగు గూడ చదువుకున్న. నాందేడ్‌ల నాకు కొలువు దొరికింది నా చదువు చూసే అని మా అమ్మ బిలోలి బస్టాండుల కనవడ్డోళ్ళందరికి చెప్పింది. నేను గూడ ఔనన్న. కని ఇంటర్వ్యూ నాడు తాయి నా సర్టిఫికెట్ల కవరు మీదికెల్లి కండ్లు లేపి నా జబ్బల దిక్కు చూసి, "బరె ఝాలె, మంచిగైంది, నువ్వు రేపటికెల్లే రా" అన్నది. సర్టిఫికెట్లు ఉన్న కవరు పూర్తిగ విప్పనే లేదు.

తాయి అంటె మరాఠీల అక్క. ఆమె మా దవాఖానల సిస్టర్లందరికి ఇంచార్జి. అది ఎముకల దవాఖాన, రెండంతస్తులు. లిఫ్టు ఉండె గని నడువకపోతుండె, దాని ముంగట ఎప్పుడు ఒక కుర్సీ అడ్డం పెట్టి ఉంటుండె, కాబట్టి పేషెంట్లను ర్యాంపు మీదికెల్లి తోసుకపోవుడే. తాయి ఆ ర్యాంపు పైన నిలవడితె వార్డు మొత్తం సక్కగైతుండె. ఎవరన్న పక్కకెల్లి పిలిస్తె ఆమె మెడ తిప్పకపోతుండె. మొత్తం మనిషే తిరుగుతుండె, నెమ్మదిగ, పెద్ద గడియారం ముల్లు లెక్క. ఆమె పూర్తిగ తిరిగి మన ముఖం చూసేలోపట పిలిచినోడు అసలెందుకు పిలిచిండో మర్చిపోతుండె. అది గర్వమని మేమంతా అనుకున్నం. అంత గర్వం ఉండాల్సిన మనిషే అని గూడ అనుకున్నం.

తాయి తర్వాత మామ. నాందేడ్ దిక్కు దవాఖానలల్ల వార్డుల పని చేసే పెద్దమనిషిని అందరు మామ అనే పిలుస్తరు, పెద్ద డాక్టరు గూడ. మా మామది కిన్వట్ పక్కన గోకుంద, మా లెక్కనే తెలుగోడు, అందుకే నేనంటె జర ప్రేమ. మామ కుంటుకుంట నడుస్తుండె. "ఏంది మామ, కాలుకు ఏమైంది" అని అడిగితె, "చెప్పు కొరుకుతున్నదిరా" అంటుండె. నేను చేరినంక మామ చెప్పుల జతలు మార్చిండు గని కుంటుడు మాత్రం మారలే. ఏ కంపెనీ చెప్పైనా మామను కొరుకుడే. ఇగ అందరి మీద పెద్ద సార్ ఉండె, దవాఖాన ఆయనదే. ఎక్స్‌రే వెలుగుకు పెట్టి చూడాలంటె ఎప్పుడు ఎడమ చేత్తోటే లేపుతుండె. కుడి చెయ్యి జేబుల ఉంటుండె. ఏం స్టైల్ ఉన్నది సార్‌కు అని నేను మస్తు మెచ్చుకున్న. (మెచ్చుకునుడే కాదు, రూముల అద్దం ముంగట కుడి చెయ్యి జేబుల పెట్టి, ఎడమ చేత్తోటి కరెంటు బిల్లు లేపి చూసుడు నేర్చుకున్న. నా రూముమేట్ చూసి బిల్లు ఎక్కువ అచ్చిందా అని అడిగిండు.)

నన్ను పేరు పెట్టి పిలిచింది మొదటి వారమే. తర్వాత పహిల్వాన్. ట్రాలీ ఇరికితె పహిల్వాన్, ఆక్సిజన్ సిలిండర్ మార్చాలంటె పహిల్వాన్, ముసలామెను కుర్సీలకెల్లి లేపాలంటె పహిల్వాన్. నేను ఒక్కొక్కసారి పిలువకముందే అక్కడ ఉంటుంటి. ఇద్దరు చేసే పని ఒక్కన్నే చేసి, చెమట తుడుచుకోకుండ పోతుంటి, తుడుచుకుంటె కష్టమైందని తెలుస్తదని. ఆరు నెలలు కచ్చా కొలువు, పని చూసి తర్వాత పక్కా చేస్తమన్నరు. నేను మూడో నెలలనే పక్కా అయిపోయిన లెక్క నడుస్తుంటి.

గప్పుడు అచ్చిండు సేఠ్. మోండాల, అంటె నాందేడ్ గంజిల, ఆయనకు కిరాణ హోల్‌సేల్ దుకాణం. తాతలనాడు నిజామాబాద్ దిక్కుకెల్లి అచ్చిన తెలుగోళ్ళు. అటక మీది బెల్లం బుట్ట దించబోయి నిచ్చెన మీదికెల్లి జారి తుంటి ఎముక ఇరగ్గొట్టుకున్నడు. చూడ అచ్చినోళ్ళందరికి "బెల్లంకు ఏం కాలే" అని ముందు చెప్తుండె. మనిషి మంచోడు, కని బరువు. నిచ్చెన ఇన్ని రోజులు ఎట్ల ఆగిందో అని మామ అన్నడు.

ఆపరేషన్ అయినంక సేఠ్‌ను ట్రాలీ మీదికెల్లి మంచం మీదికి మార్చాలె. గసొంటి మనిషిని మార్చాలంటె కింద పరిచిన దుప్పటి నాలుగు మూలలు నలుగురు పట్టుకొని, అందరు ఒక్కసారి లేపాలె. పుస్తకంల గట్లనే ఉంటది. పరీక్షల గట్లనే రాసి మార్కులు గూడ తెచ్చుకున్న. ఆ రోజు ఇద్దరు బ్రదర్లు (మగ నర్సులు) పెండ్లికి పోయిన్రు. తాయి, "థాంబ్ రె, ఆగు, కిందికెల్లి మనుషులను పిలుస్త" అన్నది. తలుపు కాడ సేఠాని నిలవడి చూస్తున్నది (సేఠ్ పెండ్లాం, దవాఖాన అంతా ఆమెను గట్లనే పిలిచేది). ఆమె పక్కన మోండాకెల్లి అచ్చిన చుట్టాలు. చూసెటోళ్ళు ఉంటె నాకు ఆగుడు చేతకాదు. "ఎందుకు తాయి, నేను, మామ చాలు" అన్న. మామ ఒకసారి సేఠ్‌ను చూసిండు, ఒకసారి తన చెప్పులు చూసుకున్నడు.

సేఠ్‌కు ఏం కాలే. మెత్తగ, ఎక్కడ కుదుపు లేకుండ మంచం మీదికి అచ్చిండు. అయ్యింది నాకే. నడుములకెల్లి ఎండిన కందికట్టె ఇరిగినట్టు ఒక సప్పుడు నాకొక్కనికే వినవడ్డది, ఇగ వంగినోన్ని వంగినట్టే ఉండిపోయిన. చుట్టాలు మెచ్చుకుంటున్నరు. నేను మంచం కిందికి చూస్తున్న.

"కాయ్ ఝాలె రె, ఏమైంది?" అని తాయి అడిగింది.

"ఏంలే తాయి. మంచం చక్రాల బ్రేకు చూస్తున్న."

చాన సేపు చూసిన. నాలుగు చక్రాలు అయిపోయినంక గూడ చూసిన. తాయికి అనుమానం రాలే. ఇంత శ్రద్ధగ బ్రేకు చూసే పిల్లగాడు ఎక్కడ దొరుకుతడు అన్నట్టు "బరె" అని ఆమె కొంచెం కొంచెం తిరిగి పోయింది. అందరు పోయినంక మంచం పట్టె పట్టుకొని ఒక చెయ్యి తర్వాత ఒక చెయ్యి వేసుకుంట, గోడెక్కే బల్లి లెక్క నిలవడ్డ.

చెప్తె అయిపోతుండె గద అని మీరంటరు. ఎట్ల చెప్పాలె? జబ్బలు చూసి కొలువిచ్చిన్రు, ఆ జబ్బల కింద నడుము పోయిందని తెలిస్తె ఇంకేం చూసి పక్కా చేస్తరు? ఆఫీసుల లెక్కలు చూసే ఆయన ఒకసారి మాటల మాటగ, పని చేతగానోళ్ళను ఆర్నెల్లకు పంపించేస్తమని అన్నడు. ఇంటికి పోతె బస్టాండు మొత్తం అడుగుతది. అదొక్కటే కాదు, పహిల్వాన్ అన్న పేరు పోతది. నిజం చెప్పాలంటె కొలువు కన్న ఆ పేరే నాకు ఎక్కువ భయం పెట్టింది.

ఇగ నటన మొదలైంది. కింద పడ్డది తీయాలంటె నిటారుగ మోకాళ్ళ మీద కూసుంటుంటి, దేవుని ముంగట కూసున్నట్టు. కలం పడితె చెప్పు ఇడిచి కాలు బొటనవేలు సందుకెల్లి పట్టి లేపుడు నేర్చుకున్న. తుమ్ము అస్తున్నదంటె ముందుగాల్నే గోడ పట్టుకుంటుంటి. రూముల చాప మీద పండుకొని, పొద్దుగాల లేవాలంటె ముందు బోర్ల తిరిగి, తర్వాత తలుపు కాడికి పాకి, గొళ్ళెం పట్టుకొని లేస్తుంటి. రూముమేట్ ఏం అడగలే. కరెంటు బిల్లు నాటికెల్లే నా గురించి వానికి ఒక అభిప్రాయం ఉన్నది.

దవాఖానల అందరిని నమ్మించిన గని సేఠ్‌ను నమ్మించలేకపోయిన. మంచం మీద పొద్దంత పండుకున్న మనిషికి నడిచేటోళ్ళను చూసుడు తప్ప వేరే పని ఏముంటది. ఒకనాడు పగటీలి, సేఠాని టిఫిన్ గిన్నెలు కడుగ పోయినప్పుడు నన్ను దగ్గరికి పిలిచిండు.

"పహిల్వాన్, నీ నడుము పట్టిందా?"

"లేదు సేఠ్."

"మా దుకాణంల హమాలీలు గట్లనే నడుస్తరు, సంచి జారినంక. నెత్తి మీద నీళ్ళ బిందె ఉన్నట్టు నడుస్తున్నవ్ నువ్వు. నా తోటే అయ్యింది గద?"

సేఠ్ పైకప్పు దిక్కు చూసిండు. "నేను తిండి తగ్గిస్త" అన్నడు. ఆ మాట ఆయన నిజంగనే బాధపడి అన్నడు. సాయంత్రం టిఫిన్‌ల మూడు రొట్టెలకెల్లి ఒకటి పక్కకు పెట్టిండు. అది నన్ను తినుమన్నడు.

ఆనాటికెల్లి మాది ఒక రహస్య ఒప్పందం. నేను ఒక్కన్నే డ్యూటీల ఉంటె సేఠ్‌కు ఏ అవసరం రాకపోతుండె. బెడ్‌పాన్ పెట్టాల్నా అని అడిగితె, ముఖం ఎర్రగైనా సరే, "ఇప్పుడేం లేదు, మామ అచ్చినంక చూస్తం" అంటుండె. నా చేతులకెల్లి గోళీల డబ్బ పడితె, "వంగకు, అది మా ఆమె తీస్తది" అంటుండె. సేఠానికి ఏం సమజ్ కాకపోతుండె. పేషెంటు చెప్తున్నడు, బ్రదరు నిలవడుతున్నడు, నేను తీస్తున్న, ఇదేం దవాఖాన అని ఆమె ముఖంల కనవడుతుండె. చివరికి సేఠే నన్ను ఫిజియో మేడం దగ్గరికి పోయే వరకు ఇడువలే. "పోయి కరెంటు పెట్టించుకో. లేకుంటె తాయికి నేనే చెప్త" అన్నడు.

ఫిజియో మేడం లాతూర్ దిక్కు పిల్ల, మాట తక్కువ. ఆమె గది కింది అంతస్తుల ఎనుకకు ఉండె, వరుసగ మంచాలు, మంచానికి మంచానికి నడుమ పచ్చ తెరలు. నేను తల వంచుకొని (తల ఒక్కటే వంగుతుండె) సంగతి చెప్పిన. ఆమె నవ్వలే. "పగటీలి భోజనాల టైములకు రా, అప్పుడు పేషెంట్లు ఉండరు. చివరి మంచం నీది. ఎవ్వరికి చెప్పను" అన్నది. 'చివరి మంచం నీది' అన్న మాటల ఏముందో నాకప్పుడు తట్టలే.

రోజు గా టైముకు దొంగ లెక్క పోయి, తెర ఎనుక చొక్క ఇప్పి బోర్ల పంటుంటి. ఆమె నడుముకు పట్టీలు అంటించి మిషిన్ పెడితె చీమలు పారినట్టు ఉంటుండె. ఆహా అనిపిస్తుండె. మధ్య మధ్యల పక్క తెరలకెల్లి సప్పుళ్ళు వినవడుతుండె. ఒకసారి మామ దగ్గు లెక్క ఒక దగ్గు. ఒకసారి "ఆయీ గ" (అమ్మా) అని ఒక ఆడమనిషి మూలుగు. పేషెంట్లు ఉండరని చెప్పింది గద, మరి వీళ్ళెవరు అని అనుకున్న గని, నేను అడిగితె వాళ్ళు నన్ను గూడ అడుగుతరు గద. చప్పుడు చేయకుండ పండుకున్న. అవతలోళ్ళు గూడ నా గురించి గదే అనుకొని గదే చేసిన్రని తర్వాత తెలిసింది.

ఒకనాడు సేఠ్‌కు సాయంత్రం ఉండే కసరత్తుకు సేఠాని పగటీలే తీసుకచ్చింది. సాయంత్రం ఇంటికి చుట్టాలు అస్తున్నరట. ఫిజియో మేడం చేతులు కడుక్కోను బైటికి పోయింది. సేఠాని చక్రాల కుర్సీ తోసుకుంట లోపటికి అచ్చి, "ఏ మంచం ఖాళీ ఉన్నదో" అనుకుంట మొదటి తెర జరిపింది.

మామ. ధోతి మోకాలు పైకి లేపి, మోకాలు మీద వేడి సంచి పెట్టుకొని, ఒక చేతిల అరటిపండు పట్టుకొని పండుకున్నడు. "చెప్పు కొరికింది" అన్నడు, ఆమె ఏం అడగకముందే.

సేఠాని ఆ తెర గట్లనే ఇడిచి రెండోది జరిపింది. అక్కడ తాయి. స్టూలు మీద సక్కగ కూసున్నది. గదవ కింద తోలుపట్టీ, ఆ పట్టీ తాడు పైన చక్రం మీదికెల్లి ఎనుకకు పోయి బరువుకు కట్టి ఉన్నది. మెడను పైకి గుంజే మిషిన్ అది. నోరు తెరువరాదు, తల తిప్పరాదు. మూడోది జరిపితె నేను, బోర్ల, వీపంత వైర్లు. అప్పటికి సేఠాని ఆగిపోవాలె. ఆమె ఆగే మనిషి కాదు. నాలుగోది జరిపింది. నేను చివరి మంచం నాదనుకున్న గని అవతల గోడ దిక్కు ఇంకొక మంచం ఉన్నదని నాకు గూడ ఆ రోజే తెలిసింది. దాని మీద పెద్ద సార్, బనియన్ తోటి, కుడి భుజానికి పట్టీలు అంటించుకొని కూసున్నడు.

మిషిన్లు టిక్కు టిక్కుమంటున్నయి. నాలుగు తెరలు తెరిచి ఉన్నయి. మేము నలుగురం ఒకరినొకరం చూసుకున్నం; తాయి తప్ప, ఆమెకు ముంగట గోడ ఒక్కటే కనవడుతది. ఆమె పండ్ల నడుమకెల్లి, "ఎవరు, ఎవరున్నరు అక్కడ?" అని అడిగింది. మామ ఒక్కొక్కరి పేరు చెప్పిండు. పెద్ద సార్ పేరు చెప్పంగనే ఆ తాడు చివర బరువు ఊగింది.

సార్ గొంతు సవరించుకొని, "నేను మిషిన్లు ఎట్ల పనిచేస్తున్నయో చూడ అచ్చిన" అన్నడు.

సేఠాని మా అందరిని చూసి, చక్రాల కుర్సీల కూసున్న సేఠ్‌ను చూసి, నిజంగనే భయపడి అడిగింది: "సార్, దవాఖాన మొత్తం బీమారే ఉన్నదా? మరి మా ఆయనను ఎవరు చూస్తరు?"

ముందు నవ్వింది సేఠ్. తుంటి పట్టుకొని నవ్విండు. తర్వాత మామ. నేను నవ్వితె నడుము పట్టుకుంటదని దిండు కొరుక్కుంట ఆపుకున్న. సార్ నవ్వును ఆపుకోబోయి కుడి చెయ్యి నోటికి అడ్డం పెట్టబోయిండు, అది సగం లేచి ఆగిపోయింది, "అబ్బ" అన్నడు. ఇగ ఆయన గూడ నవ్విండు. తాయికి మాత్రం నవ్వే ఉపాయం లేదు. ఆమె కండ్లకెల్లి నీళ్ళు కారుతున్నయి, అది నవ్వో నొప్పో ఫిజియో మేడం అచ్చి పట్టీ ఇప్పేదాక తెలువలే.

చొక్క తొడుక్కున్నంక సార్ జర గంభీరమైండు. "ఎందుకు చెప్పలే మీరంతా?" అని అడిగిండు. నేను కొలువు పోతదని అన్న. మామ, "ముసలోడైండని ఇంటికి పంపుతరని, సార్. మోకాలు, ఫినాయిల్ నీళ్ళల్ల జారి పడ్డప్పటిది. నేల తుడిచింది గూడ నేనే, ఎవరినంటం" అన్నడు. తాయి మెడ పిసుక్కున్నది. అప్పుడు మెల్లగ చెప్పింది. ఆమె గూడ ఆర్నెల్ల కచ్చా కొలువుల ఉన్నప్పుడే, వేరే దవాఖానల, జారుతున్న పేషెంటును ఒక్కతే పట్టుకున్నదట. అప్పటికెల్లి మెడ తిరుగదు. "మొదట్ల చెప్పుకుందామంటె కొత్తదాన్ని. తర్వాత ఇంచార్జిని అయిన. ఇంచార్జియే నొప్పి నొప్పి అంటె వార్డు ఎట్ల నడవాలె?" అన్నది. నా దిక్కు తిరిగింది, మనిషి మొత్తం, నెమ్మదిగ. ఆ తిరుగుడు చూసి అంతకు ముందు భయపడ్డోన్ని, ఆ రోజు ఆమెకు తిరుగుడు తక్కువ కావాలని నేనే ముంగటికి జరిగిన. "గాఢవా, నీకు ఆగుమని చెప్పిన గద" అన్నది. గాఢవ అంటె గాడిద. దవాఖానల ఆమె నన్ను ప్రేమగ పిలిచింది గదే మొదటిసారి.

"మరి మీరెందుకు చెప్పలే సార్?" అని సేఠాని అడిగింది. ఆమె తప్ప ఎవ్వరు అడిగేటోళ్ళు లేరు.

"ఎముకల డాక్టరుకే ఎముకలు నొస్తున్నయంటె ఇగ పేషెంట్లు ఎవరు అస్తరమ్మా?" అన్నడు సార్. ఇరిగిన ఎముకలు గుంజి గుంజి సక్కగ చేసే పనిల ఆయన భుజం అరిగిపోయింది.

"మేమెక్కడికి పోతం సార్, కట్టు మీరే కట్టిన్రు గద" అన్నది సేఠాని, చిక్కుల పడ్డట్టు.

మరుసటి వారం సార్ పేషెంట్లను జరిపే నున్నటి పలక ఒకటి తెప్పిచ్చిండు. నలుగురు లేకుంట ఎవ్వరిని లేపొద్దని తాయి హుకుం పెట్టింది. నేల తడిగుంటె కుర్సీ అడ్డం పెట్టాలని లిఫ్టు ముంగటి కుర్సీని తీసిన్రు, గప్పుడు జనాలు లిఫ్టు ఎక్కబోతె మల్ల దానికో కుర్సీ తేవాల్సి అచ్చింది. నన్ను నడుము సక్కగయ్యేదాక రిసెప్షన్‌ల ఫోన్ దగ్గర కూసోబెట్టిన్రు. బెల్టు పెట్టుకొని, రాజు లెక్క నిటారుగ కూసుంటుంటి. ఫోన్‌ల ఎవరో, "మా నాయిన బరువు మనిషి, మీ తాన పహిల్వాన్ ఉన్నడట గద" అంటె, "ఆయన సెలవుల ఉన్నడు" అని చెప్పిన. ఆరు నెలలు అయినంక తాయి నన్ను పక్కా చేయించింది. సేఠ్ కర్ర పట్టుకొని నడుచుకుంట ఇంటికి పోయిండు. పోయే రోజు నా చెవుల, "ఇగ నేను నిచ్చెన ఎక్కను, నువ్వు నన్నసొంటోన్ని ఎత్తకు" అన్నడు.

నడుము సక్కగైంది గని పూర్తిగ నన్ను మాఫ్ చేయలే. ఇప్పుడు గూడ చలికాలం అచ్చిందంటె ఆదివారం పొద్దుగాల చాప ఏసుకొని బోర్ల పంట, నా బిడ్డ గోడ పట్టుకొని నా వీపు మీద ఎక్కి నడుస్తది. (ఇట్ల తొక్కిచ్చుకోవద్దని పేషెంట్లకు రోజు చెప్తుంట, ఇది మన నడుమ ఉండనీయుండ్రి.) మొన్న ఆదివారం మా ఆమె పాత పెట్టెలకెల్లి తాలీంల దిగిన ఫోటో ఒకటి తీసింది. ఊపిరి బిగబట్టి, జబ్బలు పొంగిచ్చి, ఆ కండ్లల్ల ఎంత ధీమానో. ఈ లోకంల తను ఎత్తలేనిది ఏం లేదన్నట్టు నిలవడ్డడు ఆ పిల్లగాడు. నాకు వాని మీద కోపం రాలే, నవ్వచ్చింది, జర జాలి గూడ అయింది. బిడ్డ ఆ ఫోటోను చాన సేపు చూసి, "ఈయన ఎవరు నాయినా?" అని అడిగింది. మనకు తెలిసినాయనే, బిలోలిల ఉంటుండె అని చెప్పిన. బిడ్డ సరే అని ఫోటో పక్కకు పెట్టి, మల్ల నా వీపు మీదికి ఎక్కింది. ఈసారి పోయిన చలికాలం కన్న జర బరువున్నది.